మణికట్టు దగ్గర నల్ల గీత

కరెంటు లేదు కాబట్టి డాక్టరు నా ఎక్స్‌రే ఫిల్మును కిటికీ దగ్గరకు తీసుకెళ్లి పగటి వెలుతురులో పైకి పట్టుకున్నాడు. ముందు మోచెయ్యి చూశాడు. తర్వాత మణికట్టు. రెండోదాన్ని ఇంకా కిందికి దించకుండానే, బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తాతో బెంగాలీలో అన్నాడు: "హాడ్ ఎఖనో జోడా లాగేని." ఎముక ఇంకా కలవలేదని. గుమాస్తా రాసుకున్నాడు. నాన్న ఉద్యోగం నాకు రాదని తేలిపోయింది.

నా వెనక నిలబడ్డ అమ్మకు బెంగాలీ వచ్చు. కానీ అది నాలుగిళ్లలో అంట్లు తోమడానికి, బజారులో చేపలు బేరమాడడానికి సరిపడేంత బెంగాలీ. మోచేత్తో నన్ను పొడిచింది.

"ఏటంతన్నాడే?"

"ఎముక కలవనేదంట."

"ఎప్పుడిరిగిందే? పడ్డావా? నాకు సెప్పనేదేటి?"

మమ్మల్ని వెంటబెట్టుకొచ్చిన యూనియన్ నాయకుణ్ని అందరూ దాదా, అంటే అన్న, అనేవారు. ఆయన అమ్మ వైపు తిరిగి మెల్లగా చెప్పాడు. "మాశీ, ఏమీ విరగలేదు. పిల్ల ఇంకా చిన్నదని అర్థం. పదహారు కూడా నిండినట్టు లేదంటున్నాడు." మా బస్తీలో చాలాకాలం తిరిగినందువల్ల ఆయన తెలుగు ముక్కలు, హిందీ, బెంగాలీ కలిపి మాట్లాడేవాడు; పిన్నీ అనడానికి మాశీ అనేవాడు. అమ్మకు అన్నీ అర్థమయ్యేవి.

డాక్టరు నన్ను చూసి నవ్వాడు. "ఖుకీ, ఇంకా ఒకటి రెండు అంగుళాలు పెరుగుతావు. మంచిదేగా?" అన్నాడు. చిన్నపిల్లల్నే ఖుకీ అంటారు. చెడు మనిషి కాదు. శుభవార్త చెబుతున్నాననే అనుకున్నాడు. నేను తల ఊపాను. అప్పుడు నాకు ఏమనిపించిందని తర్వాత చాలామంది అడిగారు. ఏమీ అనిపించలేదు. నేను కట్టుకున్నది అమ్మ చీర. కుచ్చిళ్లు జారిపోతుంటే వాటిని పట్టుకుని నిలబడ్డాను. ఆ చేతిలోనే ఆ కలవని ఎముక ఉందన్న సంగతి కూడా తట్టలేదు.

ఇది ఎనభైల మొదట్లో మాట. నాన్న కలకత్తా కార్పొరేషన్‌లో మురుగుకాలవలు శుభ్రం చేసే ముఠాలో పనిచేసేవాడు. ఆ వానాకాలం పచ్చకామెర్లు వచ్చి, మూడు వారాల్లో పోయాడు. పనిలో ఉండగా మనిషి పోతే ఆ ఇంట్లో ఒకరికి ఆ ఉద్యోగం ఇచ్చేవారు. ఉద్యోగం ఎవరికి వస్తే క్వార్టర్స్‌లో గది వాళ్ల పేరు మీదికి మారేది. ఎవరూ చేరకపోతే గది ఖాళీ చేయాలి. మాది ఒకే గది. ఎనిమిది గదులకు ఒక కొళాయి. అక్కడ తప్ప మాకు తల దాచుకునే చోటు ఇంకెక్కడా లేదు.

మా మావ, అమ్మ తమ్ముడు, సంత్రాగాఛిలో రైల్వేలో పనిచేసేవాడు. ఒక ఆదివారం లోకల్ బండి పట్టుకుని వచ్చాడు. ఎవరు చేరాలన్నది ఆ రోజే తేల్చారు. అమ్మ బియ్యం ఏరుతోంది. మావ గడప మీద కూర్చున్నాడు.

"అప్పా, నువ్వే సేరిపో. నీకేటి తక్కువ?"

"నాను సేరితే ఎన్నేళ్లు సేత్తాన్రా? ఇరవయ్యేళ్లు సేత్తే గొప్ప. ఇది సేరితే నలభయ్యేళ్లు. నలభయ్యేళ్లూ గది మనదే."

"గుంట సదూతంది కదేటి?"

"సదివి ఏటి సేత్తాది? నీలాగ జెండా ఊపుతాదా?"

"జెండా ఊపినా నెలకి జీతం వత్తాదప్పా. నవ్వకు."

అమ్మ నవ్వలేదు. మా క్వార్టర్స్‌లో అందరూ అలాగే లెక్క వేసేవారు. ఉద్యోగం వచ్చినప్పుడు ఇంట్లో అందరికంటే చిన్న వయసు వాళ్లను పెట్టాలి. అప్పుడే అది ఎక్కువకాలం నిలుస్తుంది. పద్దెనిమిది నిండితే చాలు. అందులో అమ్మ అత్యాశ ఏమీ లేదు. పక్క గదుల్లో వాళ్లు ఏం చేశారో అదే చేస్తోంది.

"పద్దెనిమిదేళ్లున్నాయేటి దీనికి?" అని మావ అడిగాడు.

అమ్మ లేచి ట్రంకుపెట్టె తెరిచి, పాత గుడ్డలో చుట్టి ఉన్న పుట్టినతేదీ కాగితం తెచ్చింది. "ఇదుగో. మీ బావ సొయంగా ఎల్లి రాయించి తెచ్చినాడు. పద్దెనిమిది దాటి మూడు నెలలైనాది. దాదా లెక్కేసి సెప్పినాడు."

మావ కాగితం తీసుకుని చదివాడు. మడిచి అమ్మ చేతికిచ్చాడు. తర్వాత నన్ను నీళ్లు తెమ్మన్నాడు. కొళాయి దగ్గరకు వెళ్లి తిరిగి వస్తుంటే వాళ్ల మాటలు వినపడ్డాయి.

"అప్పా, ఇది పెద్దదానిది."

"పెద్దదేటి, సిన్నదేటి? పోయిందే మళ్లీ వచ్చినాది. పేరదే. మోచేతి కింద మచ్చ కూడా అదే. నువ్వు సూడనేదా?"

"సూసినాను. సూసినాను గానీ..."

"గానీ ఏటి?"

మావ నన్ను చూసి చెయ్యి చాపాడు. నేను తెచ్చిన నీళ్లు తాగేసి, బండి టైమైందని లేచాడు.

నాకు ఇందులో రహస్యమేమీ లేదు. నాకంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టిందని, రెండేళ్లప్పుడు అమ్మ దాన్ని శ్రీకాకుళం పక్కన పుట్టింటికి తీసుకెళ్తే జ్వరం వచ్చి అక్కడే పోయిందని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. అమ్మ ఆ సంగతిని దాచలేదు. కాకపోతే ఇంకొక పిల్ల గురించి చెప్పినట్టు చెప్పేది కాదు. "తొలిసారి నువ్వొచ్చినప్పుడు సేప ముట్టీదానివి కాదు. ఈసారి ముల్లుతో సహా తింతన్నావు" అనేది. నేను అలాగే విన్నాను. ఒక ఊరికి రెండుసార్లు వెళ్లినట్టు, నేను ఈ ఇంటికి రెండుసార్లు వచ్చాను. అంతే.

మొదటి పిల్ల ఆసుపత్రిలో పుట్టింది. నాన్న పనిచేసే చోటే జనన మరణాలు నమోదు చేసే గుమాస్తాలు ఉండేవారు కాబట్టి, మా వాళ్లలో చాలామంది పట్టించుకోని ఆ కాగితాన్ని నాన్న శ్రద్ధగా తెచ్చుకున్నాడు. నేను పుట్టింది క్వార్టర్స్ గదిలో, పక్కింటి ముసలామె చేతుల మీద. నాకు కాగితం తీసుకోలేదు. అవసరమేముంది? పేరు అదే, తండ్రి పేరు అదే, కాగితం ఇంట్లోనే ఉంది. బడిలో వేసినప్పుడు నాన్న దాన్నే చూపించాడు. నాకు అప్పుడు ఐదేళ్లు. కాగితం ప్రకారం ఎనిమిది. ఎనిమిదేళ్లకు ఒకటో తరగతిలో చేరే పిల్లలు మా తెలుగు బడిలో సగం మంది ఉండేవారు. పంతులు తలెత్తి కూడా చూడలేదు.

అందుకే ఆఫీసులో అమ్మ అబద్ధమాడలేదు. ఈ మాట నేను గట్టిగా చెప్పగలను. గుమాస్తా కాగితం వైపు, చీరలో నిలబడ్డ నా వైపు మార్చి మార్చి చూసి, "పద్దెనిమిదా?" అన్నాడు. అమ్మ "అవును బాబూ, మా ఆయనే రాయించినాడు" అంది. ఆమె గొంతులో తడబాటు లేదు. గుమాస్తాకు అనుమానం పోలేదు. డాక్టరు దగ్గరకు పంపమని రాశాడు. ఎముకల ఫోటో తీస్తే వయసు తెలుస్తుందని దాదా చెప్పినప్పుడు అమ్మ సంతోషించింది కూడా. తేలిపోతుంది కదా అంది.

ఎముక వయసు ఎలా చెబుతుందో నాకు పత్రికలో చేరాక తెలిసింది. కోర్టు వార్తలు రాసే రోజుల్లో ఇలాంటి నివేదికలు తరచుగా ఎదురయ్యేవి. పెళ్లి కేసు, పనిలో పెట్టుకున్న పిల్ల కేసు, ఇల్లు వదిలి వెళ్లిన పిల్ల కేసు. ప్రతి ఫైలులోనూ ఒక మణికట్టు ఫోటో. ఒకసారి ఒక ఎముకల డాక్టరును కూర్చోబెట్టి నాకు అర్థమయ్యేదాకా అడిగాను.

చేతిలో, కాలిలో ఉండే పొడుగాటి ఎముక రబ్బరులాగా పొడుగునా సాగదు. అది చివర్ల దగ్గరే పెరుగుతుంది. ఎముక కాండానికి, దాని కొసన ఉండే ముక్కకు మధ్య పలుచటి మృదులాస్థి పొర ఉంటుంది. చెవి ముట్టుకుంటే తగిలే మెత్తటి పదార్థం లాంటిదే. దాన్నే గ్రోత్ ప్లేట్ అంటారు. అందులో కణాలు దొంతరగా పెరుగుతూ, కాండం వైపు ఉన్నవి గట్టిపడి ఎముకగా మారుతూ ఉంటాయి. అలా ఎముక కొసలను ముందుకు నెట్టుకుంటూ పోతుంది. ఎక్స్‌రే మృదులాస్థిని పట్టుకోలేదు. అందువల్ల ఫిల్ములో ఆ చోట ఒక నల్ల గీత కనిపిస్తుంది. తెలియనివాళ్లు చూస్తే ఎముక అక్కడ విరిగిందనుకుంటారు. ఎదిగే వయసు దాటాక ఆ పొర కూడా ఎముకైపోతుంది. గీత మాసిపోతుంది. ఇక ఆ మనిషి పొడుగవడు.

అన్ని గీతలూ ఒకేసారి మాసిపోవు. మోచేతి దగ్గర ముందు, మణికట్టు దగ్గర తర్వాత, మెడ ఎముక లోపలి కొస అన్నిటికంటే చివర. ఆడపిల్లలకు మగపిల్లల కంటే ముందే మూసుకుంటాయి. నా మోచేయి మూసుకుంది. మణికట్టు మూసుకోలేదు. కాబట్టి పద్నాలుగు దాటి, పదహారు దాటలేదని రాశారు.

"ఇది ఎంతవరకు నిజం?" అని ఆ డాక్టరును అడిగాను.

"రెండేళ్లు ఇటూ అటూ," అన్నాడు. "తిండి సరిగా లేని పిల్లలకు ఇంకా ఆలస్యమవుతుంది. మా పట్టికలన్నీ కడుపు నిండా తిన్న పిల్లల మీద తయారైనవి. నీ కేసులో ఎవరు, ముద్దాయా, బాధితురాలా?"

"ఎవరూ కాదు. ఆ చెయ్యి నాదే."

ఆయన టీ కప్పు కింద పెట్టి నా మణికట్టు వైపు చూశాడు. ఇప్పుడు చూస్తే ఏమీ తెలియదన్నాడు. ఒకసారి మూసుకున్నాక ఆ గీతల వల్ల ఉపయోగం లేదట. పాతికేళ్ల చేతిని, నలభై ఏళ్ల చేతిని వాటిని బట్టి వేరుచేయలేరు.

ఈ సంగతి మా అమ్మ విషయంలో ముందే చూశాను. నా దరఖాస్తు తిరిగొచ్చిన వారంలోనే దాదా అమ్మ పేరు మీద దరఖాస్తు రాశాడు. ఆమెకు పుట్టినతేదీ కాగితమే లేదు. అదే కిటికీ గదికి మళ్లీ వెళ్లాం. ఈసారి ఎక్స్‌రే తీయలేదు. డాక్టరు ఆమెను నోరు తెరవమన్నాడు, పళ్లు చూశాడు, జుట్టు చూశాడు, ఎంతమంది పిల్లలని అడిగాడు.

"ఒకర్తే బాబూ."

"పోయినవాళ్లు?"

"ఎవరూ పోనేదు."

ముప్పై ఎనిమిది అని వేశాడు. ఆ అంకె ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. అమ్మ రిటైరైంది దాని ప్రకారమే.

క్వార్టర్స్‌లో నాలుగు రోజులు నవ్వుకున్నారు. కొళాయి దగ్గర ఎదురింటి పిన్ని నా బిందె పక్కకు జరుపుతూ అంది: "సీర సుట్టినంత మాత్రాన ఎముకలికి వయసొచ్చేత్తాదేటే? ఎముకలికి కూడా సుట్టాల్సింది." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను. అమ్మ మాత్రం, "మా ఎముకలు మా ఇట్టం. నీ బిందె నువ్వు నింపుకో" అంది.

అమ్మ వీధులు ఊడ్చే పనికి చేరింది. తెల్లారకముందే వెళ్లేది, పది గంటలకు తిరిగొచ్చేది, అన్నం తిని మళ్లీ రెండిళ్ల అంట్లకు వెళ్లేది. గది నిలిచింది. నన్ను బడి మాన్పించాల్సిన కారణం లేకపోయింది కాబట్టి ఎవరూ మాన్పించలేదు. ఎవరూ చదువుకో అని కూడా అనలేదు. అలా కాలేజీకి వచ్చాను. అలాగే ఒక దినపత్రికలో ప్రూఫులు దిద్దే పనికి, అక్కణ్నుంచి రిపోర్టింగుకు వచ్చాను. ఇదంతా అదృష్టమని నా సహోద్యోగి ఒకామె అంది. ఆ ఎముక ఆర్నెల్లు ముందు మూసుకుని ఉంటే చీపురు నా చేతిలో ఉండేదని. నిజమే. నా బదులు ఇరవయ్యేళ్లు అమ్మ చేతిలో ఉంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడానికి ప్రయత్నించాను. సంతోషమూ రాలేదు, బాధా రాలేదు. పని మీద బయటికి వెళ్లినప్పుడు పొద్దున్నే వీధి ఊడ్చే ఆడవాళ్లు కనిపిస్తే నేను నడక ఆపను. తల కూడా తిప్పుకోను.

డాక్టరు చెప్పినట్టే ఆ తర్వాత కొంచెం పొడుగయ్యాను. లంగాలు పైకి పోయాయి. అమ్మ మడతలు విప్పి కుట్టింది. మణికట్టు దగ్గర ఆ గీత ఏ నెలలో మాసిపోయిందో తెలియదు. నొప్పి ఉండదు. ఆ రోజు కూడా నేను బడికి వెళ్లి, నీళ్లు పట్టి, అన్నం వండే ఉంటాను.

అమ్మ రిటైరయ్యాక గది అప్పజెప్పేశాం. కొన్నేళ్లకు న్యూ టౌన్‌లో కొత్తగా కట్టిన ఇళ్లలో ఒక చిన్న ఫ్లాటులోకి మారాం. అప్పటికి ఇంటి చుట్టూ ఇంకా చెట్లు కూడా నాటని రోడ్లు, సగం కట్టిన బిల్డింగులు. అక్కడికి వచ్చాకే, నా రికార్డుల్లో వయసు సరిచేయించుకోవాలని నాకు తోచింది. పత్రికలో నా వయసు ఆ కాగితం ప్రకారమే ఉంది. ఆ లెక్కన మూడేళ్లు ముందే నన్ను ఇంటికి పంపేస్తారు. అప్పటికి కోర్టు చుట్టూ చాలా ఏళ్లు తిరిగినదాన్ని కాబట్టి దారి నాకు తెలుసు. పాత ఎముకల నివేదిక కోసం వెతికించాను. నీళ్లు చేరి ఆ ఏడాది ఫైళ్లు పోయాయన్నారు. పోయినా ఫరవాలేదు, తల్లి బతికే ఉంది కదా అన్నాడు వకీలు.

రెండు కాగితాలు తయారుచేశాడు. ఒకటి, మొదటి ఆడపిల్ల రెండేళ్ల వయసులో చనిపోయిందని తల్లి చెప్పే అఫిడవిట్. రెండోది, ఆ తర్వాత రెండో ఆడపిల్ల పుట్టిందని, దానికీ అదే పేరు పెట్టామని చెప్పేది. మొదటిది నమోదైతే తప్ప రెండోది చెల్లదు. రెండింటి కిందా అమ్మ వేలిముద్ర వేయాలి.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక ఆమె పక్కన కూర్చుని రెండూ తెలుగులో చెప్పాను. మావ కూడా ఉన్నాడు. అప్పటికి ఆయనా రిటైరయ్యాడు. సిరా పెట్టె మూత తీసి పట్టుకున్నాడు.

"ఇందులో సచ్చిపోనాదని రాసినారా?" అంది అమ్మ.

"అవునే. అలాగే రాయాలి."

"ఎవరు సచ్చిపోనారు?"

"అప్పా, వూరికే ముద్దరెయ్యి," అన్నాడు మావ. "దానికి మూడేళ్ల నౌకరీ వత్తాది. కాయితమే కదేటి."

"కాయితమే అయితే నువ్వెయ్యి. నువ్వే కదా ఎత్తుకెల్లినావు."

మావ సిరా పెట్టె మూత పెట్టేశాడు. అప్పటిదాకా నాకు ఆ సంగతి తెలియదు. ఆ రోజు ఊళ్లో పిల్లను పూడ్చడానికి చేతుల మీద మోసుకెళ్లింది ఆయనే. అప్పటికి ఆయనకు మీసాలు కూడా వచ్చి ఉండవు.

"అమ్మా, నేను ఎప్పుడు పుట్టానో నీకు గుర్తుందా? ఏ నెల? వానలప్పుడా, చలికాలమా?"

అమ్మ నన్ను చూసింది. కోపంగా లేదు. పక్షపాతం లేని మనిషి సాక్ష్యం చెప్పినట్టు చెప్పింది.

"రెండుసార్లు నొప్పులు పడ్డాను. కన్నది ఒకర్తినే. నువ్వెదురుగా కూకొని, నువ్వు సచ్చిపోనావని నాసేత ముద్దరెయ్యమంతావేటి?"

కాగితాలు మడిచి పెట్టేశాను. వకీలుకు ఫోను చేసి కొన్నాళ్లు ఆగమన్నాను. ఆగడమంటే అమ్మ ఉన్నంతకాలం ఆగడమని ఆయనకు అర్థమైంది, నాకూ అర్థమైంది. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నాలుగేళ్ల తర్వాత అమ్మ పోయింది. ఆ మరణాన్ని నేనే వెళ్లి అదే రోజు నమోదు చేయించాను.

ఆమె లేకపోతే ఆ అఫిడవిట్ ఇవ్వడానికి అర్హులెవరూ లేరని వకీలు అన్నాడు. మావ ఇవ్వచ్చేమోనని అడిగాను. చూసి చెబుతానన్నాడు. ఇంకా చెప్పలేదు. నగరం రిజిస్టరులో మా అమ్మానాన్నలకు ఒక ఆడపిల్ల పుట్టినట్టు ఉంది. ఆ పిల్ల చనిపోయినట్టు ఇక్కడా లేదు, ఊరి పుస్తకంలోనూ లేదు. నేను పుట్టినట్టు ఎక్కడా లేదు.